ఇట్టే తట్టే సంగతి

బుధవారం విచారణ అనగా సోమవారం ఉదయం ఆ ఫైలు మళ్ళీ ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆర్నెల్ల కిందట తను రాసిన అభ్యంతరం పైనే ఉంది. చదువుకుంది. బాగానే రాశాననుకుంది. పేటెంటు ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా పరిశీలకురాలిగా పనిచేస్తున్న మనిషికి తన పాత రాత చూసి మురిసిపోయే అవకాశాలు అట్టే రావు. వచ్చినప్పుడు వదులుకునే రకం కాదు ఆమె.

దరఖాస్తు ఫోటోమాస్కుల గురించి. చిప్పుల మీద సన్నని గీతలు అచ్చువేయడానికి వాడే పలకలవి. చిన్న పళ్ళెమంత ఉంటాయి. చూడటానికి గాజే గాని గాజు కాదు, స్వచ్ఛమైన క్వార్ట్జ్. పలక మీదున్న నమూనాలోంచి వెలుగు పడితే కింద చిప్పు మీద అదే నమూనా దిగుతుంది. పలక మీద దుమ్మురేణువు ఉంటే దాని నీడా దిగుతుంది. అందుకని పలకను యాసిడ్‌తో కడిగి, ఆరబెట్టి, పైన పారదర్శకమైన పల్చటి పొర బిగిస్తారు. ఇంత చేసినా నాలుగు నెలలు తిరిగేసరికి పొర కింద మసక పుట్టుకొస్తుంది. కంటికి కనపడనంత యాసిడ్ ఏ మూలో మిగిలిపోయి, గాలిలోని అమ్మోనియాతో కలిసి, వెలుగు తగిలేకొద్దీ ఉప్పులా పేరుకుంటుంది.

దానికి ఈ దరఖాస్తులో చెప్పిన విరుగుడు వింతగా ఉంది. మసక రాకుండా చూడటం కాదు, ముందే రప్పించేయడం. పొర బిగించకముందే పలకకు కాస్త అమ్మోనియా ఆవిరి పట్టించి, గట్టి వెలుగు కింద పెట్టి, రావలసిన మసకంతా వచ్చేదాకా ఆగి, అప్పుడు యాసిడ్ జోలికి పోకుండా ఉత్త నీళ్ళతో కడిగేయాలి. మిగిలిన యాసిడంతా ఉప్పుగా మారి నీళ్ళతోపాటు పోతుంది. ఇక ముందు మసకబారడానికి లోపల సరుకే ఉండదు.

కొత్తదేనా అంటే కొత్తదే. కాని కొత్తదైతే చాలదు. ఆ పని తెలిసిన మనిషికి, పాత కాగితాలు ముందు పెట్టుకుంటే ఇట్టే తట్టే సంగతైతే, దానికి పేటెంటు ఇవ్వకూడదని చట్టం. ఈ 'పని తెలిసిన మనిషి' ఎక్కడా ఉండడు, చట్టం ఊహించుకున్నవాడు. తన పనికి సంబంధించిన కాగితాలన్నీ చదివి ఉంటాడు, సొంత బుర్ర మాత్రం వీసమెత్తు వాడడు. ఆఫీసులో అతనికి సగటయ్య అని పేరు పెట్టారు. "దీనికి సగటయ్య ఏమంటాడు?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. భోజనాల దగ్గర ఎవరైనా తెలివితక్కువ మాటంటే "నీకన్నా సగటయ్య నయం" అని నవ్వుతారు.

పాత కాగితాలు వెతకడానికి అక్కడ అందరిదీ ఒకటే పద్ధతి. దరఖాస్తులోని ముఖ్యమైన మాటలు కంప్యూటరుకు ఇస్తే, ఆ మాటలున్న పాత పత్రాలను ఏరి, వాటి మీద పసుపు రంగు పూసి చూపిస్తుంది. పసుపున్నచోట చదువుతారు. లేనిచోట చదవడానికి ఏడాదికి ఎన్ని రోజులున్నా చాలవు. ఆమెకు అలా రెండు పత్రాలు దొరికాయి. మొదటిది యాసిడ్‌తో కడిగి వేణ్ణీళ్ళతో జాడించే పద్ధతి. రెండోది పరీక్ష: కడిగిన పలకల్లోంచి ఒకటి తీసి, అమ్మోనియా పట్టించి, వెలుగు కింద పెట్టి, ఎంత మసక వస్తే అంత యాసిడ్ మిగిలిందని అంచనా కట్టడం. రెండూ పక్కపక్కన పెడితే ఇంకేం కావాలి? 'మసక రప్పించడం తెలిసినదే, కడగడమూ తెలిసినదే. వచ్చిన మసకను కడిగేయాలని పని తెలిసిన మనిషికి ఇట్టే తడుతుంది' అని రాసింది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

దరఖాస్తుదారు ఏ కంపెనీయో కాదు, ఒక ఆడమనిషి. వృత్తి అన్నచోట 'పలకలు కడగడం' అని ఉంది. పరిశీలకురాలి మనసులో అప్పుడే ఆవిడకు పలకలావిడ అని పేరు పడిపోయింది. కార్ఖానావాళ్ళు యంత్రాలు తెచ్చి చేతి కడుగుడు విభాగం మూసేశాక, ఆవిడా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి సొంతంగా పలకలు శుభ్రం చేసే చిన్న గది పెట్టుకున్నారట. పేటెంటు వస్తే ఆ పద్ధతిలో కడిగే పని వాళ్ళదవుతుంది. రాకపోతే పెద్ద కార్ఖానాలే చూసి చేసుకుంటాయి, ముగ్గురి చేతులూ ఖాళీ. పాత యాజమాన్యం ఇచ్చిన ఉత్తరం కూడా ఫైల్లో ఉంది: 'ఇందులో కొత్తదనమేమీ మాకు కనిపించలేదు గనుక దీనిపై ఎలాంటి హక్కూ కోరము.'

ఆ ఉత్తరం చదివి, తన అభిప్రాయానికి ఇంకొకరి మద్దతు దొరికిందని పరిశీలకురాలు సంతోషించింది.

విచారణ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ గడియారం. పలకలావిడ యాభై దాటిన మనిషి. మూడు బస్సులు మారి వచ్చానని చెబుతూ కూర్చుంది. పక్కన ఆవిడ తరఫున వాదించే పేటెంటు ఏజెంటు. ముప్ఫై ఏళ్ళవాడు, బిగించిన టై వల్ల మెడ తిప్పలేకపోతున్నాడు. హాజరు కాగితం ముందు పెడితే ఆవిడ దాన్ని రెండు అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తి, చదివి, సంతకం చేసి, మళ్ళీ అంచులు పట్టుకునే వెనక్కిచ్చింది. మధ్యలో ఎక్కడా వేలు తగలలేదు.

ఏజెంటు పది నిమిషాలు మాట్లాడాడు. 'ఊహించని సాంకేతిక ఫలితం' అని మూడుసార్లన్నాడు. ఎవరు ఊహించలేదో, ఎందుకు ఊహించలేదో ఒక్కసారీ చెప్పలేదు. పరిశీలకురాలు తలూపుతూ, ఇక చాలన్నట్టు ఆవిడవైపు తిరిగింది.

"అసలీ ఆలోచన మీకెలా వచ్చిందండీ?"

"అందులో ఏముందమ్మా, చాలా తేలిక. మసకొచ్చింది, కడిగాను, పోయింది. ఎవరైనా చేస్తారు."

ఏజెంటు దగ్గాడు. అది జలుబు దగ్గు కాదు.

"మేడమ్, మా క్లయింటు ఉద్దేశం ఏంటంటే..."

"నా ఉద్దేశం అదే బాబూ. అబద్ధం చెప్పడమెందుకు?"

పరిశీలకురాలి వేళ్ళు కీబోర్డు మీద ఉండనే ఉన్నాయి. 'ఇది తేలికేనని, ఎవరైనా చేస్తారని దరఖాస్తుదారు స్వయంగా ఒప్పుకున్నారు' అని విచారణ నమోదులో ఎక్కించింది. ఆ ఒక్క వాక్యంతో కేసు ముగిసిందని ఆమెకు తెలుసు. తిరస్కరిస్తూ ఉత్తర్వు రాయడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. గడియారం చూసింది. ఇచ్చిన అరగంటలో ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి. మూడు బస్సులు మారి వచ్చిన మనిషిని సగంలో లేపి పంపడం మర్యాద కాదనిపించి, ఊరికే, మాటవరసకే అడిగింది.

"అక్కడ ఎన్నేళ్ళు చేశారు?"

"పదిహేడేళ్ళమ్మా."

"అయితే మీ కార్ఖానాలో మసక పరీక్షకి పెట్టిన పలకల్ని మొదట్నించీ కడిగేవాళ్ళేనా?"

ఆవిడ నవ్వింది. "పరీక్ష పలకని కడగడమేంటమ్మా! దాన్ని పారేయాలి. మూల మీద వజ్రం కలంతో గీటు పెట్టి నీలం డబ్బాలో వేసేయాలి. వారానికొకటి, ఎన్ని వేశానో."

"పారేయమని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేముంది? ఒకసారి మసక పట్టిందంటే ఆ పలక ఇక నమ్మకానికి పనికిరాదు. మా సూపర్‌వైజరూ అదే అనేవాడు, వాళ్ళ పైవాళ్ళూ అదే. పద్ధతుల పుస్తకంలో కూడా ఉంటుంది."

"మరి మీరు కడిగారుగా?"

"అది వేరే సంగతి." ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "కొత్తగా చేరినవాళ్ళకి పలక పట్టుకోవడం నేర్పాలి కదా. మంచి పలకిస్తే మేనేజరు ఊరుకోరు. ఎటూ పారేసేదే అని పరీక్ష పలకొకటి దాచాను. మసకగా ఉంటే దాని మీద వేలిముద్ర పడిందో లేదో తెలీదు. అందుకని కడిగాను. యాసిడ్ తొట్టె దగ్గరికి పారేసే పలకని రానివ్వరు, ఇక నీళ్ళే గతి."

"తర్వాత?"

"ఏడాదిపాటు దాంతోనే నేర్పాను. రోజూ దీపం కింద పెట్టేవాళ్ళం. మంచి పలకలేమో నాలుగు నెలలకి మసకబారి వెనక్కొస్తుంటే, ఇది మాత్రం కడిగిన నాడు ఎలా ఉందో అలానే ఉంది. ఇదేంటి చెప్మా అనిపించింది. ఇంకోటి కడిగి చూశాను. అలా ఇరవై రెండు పలకలు చూశానమ్మా, రెండేళ్ళు. అప్పుడు మేనేజరుగారికి చెప్పాను."

"ఆయనేమన్నారు?"

"'ఇందులో ఏముంది, మసకొచ్చింది, కడిగావు, పోయింది, ఎవరైనా చేస్తారు' అన్నారు. నిజమే కదా అనుకున్నాను."

పరిశీలకురాలు తెర మీదున్న వాక్యం వైపు చూసింది. ఆవిడ ఒప్పుకోలు అని తను ఎక్కించిన మాట మేనేజరుది. అయినా చెప్పింది ఆవిడే. నమోదు ప్రతి తీసి బల్ల మీద పెట్టింది. ఏజెంటు ఒంగి చదివి, ఆ వాక్యం మీద వేలు పెట్టి గొంతు తగ్గించాడు.

"దీన్ని తీసేయమని అడగొచ్చండీ. తొందర్లో అన్నానని చెప్పండి చాలు."

"అన్నాను కదా బాబూ. మేడమ్‌గారు ఉన్నదే రాశారు," అని ఆవిడ సంతకం పెట్టింది. లేచేటప్పుడు పరిశీలకురాలికి నమస్కారం చేసింది. "చాలా సంతోషమమ్మా. ఇస్తారో ఇవ్వరో అది మీ ధర్మం. పదిహేడేళ్ళలో ఇంతసేపు కూచోబెట్టి ఎలా చేశావని ఎవరూ అడగలేదు."

వాళ్ళు వెళ్ళాక కూడా ఆమె ఆ గదిలోనే కాసేపు కూర్చుంది. మాటవరసకి అడిగిన ప్రశ్నకు అంత కృతజ్ఞత అందుకోవడం ఆమెకు మింగుడుపడలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ డిటెక్టివ్‌ని తిడుతున్నారు.

"చూడమ్మాయ్, హంతకుణ్ణి ఎదురుగా పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాడు. ఆ తోటమాలి మొహం చూస్తే తెలీడం లేదూ?"

"మీరు నిన్న రాత్రి ఆఖరి భాగం చూసేశారు అత్తయ్యా. ఇది పునఃప్రసారం."

"చూస్తే మాత్రం? చూడకపోయినా తెలిసేది. ఇంత తేలికైనది కనిపెట్టలేనివాడికి ఆ కోటెందుకు, ఆ టోపీ ఎందుకు?"

"మరి మొదటి వారం మీరు ఆ డాక్టరే చంపాడని నాతో వాదించారు. నేను కాదంటే రోజంతా మాట్లాడలేదు."

"నేనా?" అత్తగారు చిక్కుడుకాయ పట్టుకుని నిజాయితీగా ఆశ్చర్యపోయారు. "నేనెందుకంటాను? నాకు మొదట్నించీ తోటమాలి మీదే."

ఆమె పకపకా నవ్వింది. చెప్పులు విప్పబోయి, ఒక కాలి చెప్పుతోనే ఆగిపోయింది. అత్తగారు అబద్ధమాడటం లేదు. ముగింపు తెలిశాక, తెలియని రోజున తనేమనుకున్నారో ఆవిడకు నిజంగానే గుర్తులేదు. ఆర్నెల్ల కిందట ఆ ఫైలు ముందు కూర్చున్నప్పుడు తనకూ ముగింపు తెలుసు. దరఖాస్తు చదివాకే కదా, దాని మాటలు పట్టుకునే కదా, పాత కాగితాలు వెతికింది.

"ఏమైందే, అలా నిలబడిపోయావు?"

"ఏం లేదత్తయ్యా. మీరు చాలా మంచివారు."

"ఆ సంగతి ఇప్పుడు తెలిసిందా?" అని అత్తగారు మళ్ళీ డిటెక్టివ్ పనిపట్టారు.

గురువారం ఆమె చేసిన పని ఆ అంతస్తులో ఎవరూ చేసినట్టు లేదు. దరఖాస్తు ఫైలును బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండో పత్రాన్ని, ఆ పరీక్ష పద్ధతిని, పసుపు లేకుండా మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా కాగితాల మీద అచ్చుతీసింది. నలభై ఆరు పేజీలు. పెన్సిలు పట్టుకుని, ఏమీ తెలియని సగటయ్యలా మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. పక్క సీటులో ఉన్నాయన "ఏంటమ్మా, పరీక్షకి చదువుతున్నావా?" అని ఎగతాళి చేశాడు.

తను ఆర్నెల్ల కిందట చదివినవి పన్నెండో పేజీ, పదమూడో పేజీ మాత్రమే. పసుపంతా అక్కడే ఉంది. మసక రప్పించే విధానం, ఆవిరి పాళ్ళు, వెలుగు ఎంతసేపు. మధ్యాహ్నానికి ముప్ఫై ఎనిమిదో పేజీకి వచ్చింది. అక్కడ చిన్న పేరాలో ఉంది: 'ఇలా పరీక్షించిన పలకను ఏ విధంగా శుభ్రపరచినా తిరిగి వాడకానికి పంపరాదు. ఒకసారి మసక పట్టిన తలం మళ్ళీ మసక పట్టుతుంది. అట్టి పలకలను గుర్తుపెట్టి నాశనం చేయాలి.'

దరఖాస్తులో పారేయడమనే మాట లేదు, నాశనం చేయడమనే మాటా లేదు. లేని మాటకు కంప్యూటరు రంగు వేయదు. చదివినదాన్ని ఆమె మళ్ళీ చదివింది. చెవులు వేడెక్కాయి. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఎన్ని ముప్ఫై ఎనిమిదో పేజీలు వదిలేసి ఉంటుందో అనుకుంటే భయం వేసింది. పలకలావిడ ఆ పత్రం పేరైనా విని ఉండదు. అయినా దాంట్లో ఏముందో బల్లకవతల కూర్చుని వివరంగా చెప్పింది, నీలం డబ్బాతో సహా.

అంతటితో తేలిపోయిందని అనుకోలేదు. జాలి వేరు, చట్టం వేరు. తెల్లకాగితం తీసుకుని, ఈ రెండు పత్రాలే తెలిసిన సగటయ్య మసక తగ్గించడానికి ఏం చేస్తాడో రాసుకుంది. యాసిడ్ తగ్గిస్తాడు. వేణ్ణీళ్ళు ఎక్కువసేపు పోస్తాడు. ఇంకా వేడిచేసి ఆరబెడతాడు. అమ్మోనియా దరిదాపులకు రానివ్వడు. పొద్దుగూకేదాకా ఎన్ని రకాలుగా ఆలోచించినా, మంచి పలక మీద చేజేతులా మసక రప్పిద్దామని అతనిచేత అనిపించలేకపోయింది. రెండో పత్రం వచ్చిన తర్వాత పదకొండేళ్ళలో ఇదే సమస్య మీద ప్రపంచంలోని పెద్ద ప్రయోగశాలలు అచ్చువేసినవి కూడా తీసి చూసింది. అందరూ ఇంకా ఎక్కువ నీళ్ళు పోశారు, అంతే.

శుక్రవారం ఉత్తర్వు పట్టుకుని విభాగం పెద్దసారు గదికి వెళ్ళింది. పేటెంటు మంజూరైనా తిరస్కరణైనా ఆయన కింద సంతకం చేస్తేగాని బయటికి వెళ్ళదు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముందు విచారణ నమోదు చదివారు.

"తేలికని ఆవిడే ఒప్పుకుంటే నువ్వు మంజూరంటావేంటమ్మా?"

"చేశాక ఎవరికైనా తేలికే సార్. చట్టం అడిగేది చేయకముందు సంగతి. పైగా ఆ మాట ఆవిడది కాదు, వాళ్ళ మేనేజరుది. వినీ వినీ ఆవిడ నమ్మేసింది."

"ఆవిడ నమ్మితే నమ్మింది, సంతకం కూడా పెట్టింది. తిరస్కరిస్తే నిన్నెవరూ వేలెత్తి చూపరు."

"అందుకే భయమేసింది సార్."

ఆయన ఉత్తర్వు పేజీ తిప్పారు. అక్కడ ఆగిపోయారు. అభ్యంతరాలు ఎత్తేసేటప్పుడు ఆ ఆఫీసులో అందరూ వాడే వాక్యం ఒకటుంది: 'దరఖాస్తుదారు తరఫు వాదనలను పరిగణించి అభ్యంతరం ఉపసంహరించడమైనది.' ఎవరి తప్పూ ఉండదందులో. ఆమె అది రాయలేదు. 'రెండో పత్రంలోని ముప్ఫై ఎనిమిదో పేజీ ఈ మార్గం వద్దని స్పష్టంగా చెబుతున్నది. పరిశీలకురాలు ఆ పేజీ చదవకుండా అభ్యంతరం రాసినది. అది పొరపాటు' అని రాసింది.

"ఇది తీసెయ్," అన్నారాయన. "ఏజెంటు బాగా వాదించాడని రాయి. అతనికీ సంతోషం, నీకూ పరువు."

"అతను ఈ పేజీ సంగతి ఎత్తనేలేదు సార్. చెప్పింది ఆవిడ. చేసింది కూడా ఆవిడే. ఆ రెండూ ఇంకొకరి ఖాతాలో వేయలేను."

"నీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుందమ్మా."

"ఎక్కనివ్వండి."

పెద్దసారు కళ్ళద్దాలు దించుకుని ఆ పేరా మళ్ళీ మొదట్నించీ చదివారు. చాలాసేపు చదివారు. కలం తీసి, మూత విప్పి, సంతకం చేయకుండా కిటికీ వైపు చూశారు.

"ఇరవై ఆరేళ్ళలో నేనిలాంటి వాక్యం ఒక్కటీ రాయలేదు," అన్నారు. "రాయాల్సిన ఫైళ్ళు మాత్రం రెండు గుర్తున్నాయి. ఒకాయనది కొత్తరకం తాళం. ఇంకొకాయనది... పోనీలే, ఇద్దరూ మళ్ళీ రాలేదు."

సంతకం చేసి కాగితాలు ఆమె చేతికిచ్చారు. ఆమె థాంక్స్ చెబితే, "నాకెందుకు, వెళ్ళి పంపించు" అని కసిరారు. ఆ కసురు ఆమెకు ఎంతో ప్రియంగా వినిపించింది. గుమ్మం దాటుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

మంగళవారం పదకొండు గంటలకు కింద కౌంటరు నుంచి ఫోను వచ్చింది, ఎవరో ఆవిడ నకళ్ళు కావాలంటోందని. మామూలుగా గుమాస్తాలే ఇచ్చేస్తారు. ఆమె తనే మెట్లు దిగి వెళ్ళింది. పలకలావిడ ఒక్కతే వచ్చింది. చేతిలో పండ్లో పూలో ఉంటాయేమో, వద్దనాల్సి వస్తుందేమోనని పరిశీలకురాలు భయపడింది గాని, ఆవిడ చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు.

"పేటెంటు పత్రం ఏజెంటుగారు తెచ్చిస్తారటమ్మా. నాకు మీరు రాసింది కావాలి, ముద్రేసి. మూడు కాపీలు. మా వాళ్ళిద్దరికీ చెరొకటి. ఇరవై రెండు పలకలూ నాతోపాటు వాళ్ళూ కడిగారు."

ఆమె కౌంటరు ఇవతల కూర్చుని పేజీ పేజీకీ ముద్రవేయడం మొదలుపెట్టింది. మొదటి ప్రతి పూర్తి కాగానే ఆవిడ అందుకుని, నిలబడే చదువుకుంది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఉంది చూడండి, ఈ పని తెలిసినవాళ్ళెవరికీ పదకొండేళ్ళపాటు తట్టని సంగతి అని. ఇది నా గురించేనా అమ్మా?"

"మీ గురించేనండీ."

"మీరు పొరపాటని కూడా రాశారు. ఏజెంటుగారు చెప్పారు, అలా ఎవరూ రాయరటగా. మీకేం ఇబ్బంది రాదు కదా?"

"రాదండీ. మీరు ఆ రోజు నిజం చెప్పకపోతే నేను ఆ పేజీ జన్మలో తిప్పేదాన్ని కాదు. థాంక్స్ నేనే మీకు చెప్పాలి."

ఆవిడ ఆ పేరా ఇంకొకసారి, ఈసారి పెదవులు కదుపుతూ చదివింది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు ఓపిగ్గానే ఉన్నారు.

"పదిహేడేళ్ళూ తేలికపని చేస్తున్నాననే అనుకున్నానమ్మా," అంది.

పరిశీలకురాలు రెండో ప్రతి ముందుకు లాక్కుని, ముద్రకు సిరా అద్ది, వంకర పోకుండా నిదానంగా వేసింది.